జాతి, కులం, లైంగికత: మైనారిటీ ఒత్తిడి పరిశోధనను మన జిల్లాల్లో ఎలా చదువుకోవాలి?

ఒంగోలులో ఎం.ఏ. సైకాలజీ చదువుతున్నానని చెప్పిన ఒక విద్యార్థిని అడిగిన ప్రశ్న ఇది. అమెరికాలో నల్లజాతీయుల మీద, స్వలింగ ఆకర్షణ గలవారి మీద జరిగిన మానసిక ఆరోగ్య పరిశోధనలను పాఠ్యపుస్తకాలు ‘మైనారిటీ ఒత్తిడి’ అనే ఒకే సిద్ధాంతం కింద చెబుతున్నాయి. ఆ సిద్ధాంతాన్ని మన దగ్గరి దళితులకు, యానాది గిరిజనులకు, గే, లెస్బియన్, ట్రాన్స్‌జెండర్ వ్యక్తులకు అలాగే అన్వయించి ప్రాజెక్టు రాయవచ్చా, లేక అది మన నేలకు సరిపడనిదా అన్నది ఆమె సందేహం. కులం, జాతి ఒకటేనా అని కూడా ఆమె అడిగింది. నేను నెల్లూరులో 19 ఏళ్ళుగా క్లినికల్ సైకాలజిస్టుగా పనిచేస్తున్నాను. నా దగ్గరికి వచ్చేవారిలో ప్రకాశం జిల్లావారు కూడా చాలామంది ఉంటారు. ఈ ప్రశ్న నన్ను కూడా చాలాకాలం వెంటాడింది కాబట్టి కొంచెం వివరంగానే రాస్తాను.

సమాధానం ముందే చెబుతాను. సిద్ధాంతం మనకు పనికొస్తుంది, అయితే రెండు వర్గాలకూ ఒకే తీరుగా పనికిరాదు. రెంటికీ ఉమ్మడిగా ఉన్నది ఒకటే: మనిషి పుట్టుకలోనో ఆకర్షణలోనో జబ్బు లేదు, ఆ మనిషిని చుట్టూ ఉన్నవాళ్ళు చూసే తీరు నుంచి బాధ పుడుతోంది. తేడా ఇంటి గడప దగ్గర మొదలవుతుంది. కులం వల్లనో జాతి వల్లనో అవమానపడి వచ్చిన పిల్లకు ఆ అవమానం రుచి తెలిసిన మనుషులు ఇంట్లోనే ఉంటారు. లైంగికత వల్ల నలిగే పిల్లకు చాలాసార్లు మొదటి భయం ఆ ఇంటివాళ్ళ గురించే ఉంటుంది. ఈ ఒక్క తేడాను మనసులో పెట్టుకుని చదివితే, పరిశోధనల్లో ఒకదానికొకటి పొసగనట్టు కనిపించే అంకెలు చాలావరకు అర్థమవుతాయి.

ముందుగా కొంత చరిత్ర తెలుసుకోవాలి, ఎందుకంటే ఈ విషయంలో మన శాస్త్రం చేసిన తప్పులు చిన్నవి కావు. 1851లో శామ్యూల్ కార్ట్‌రైట్ అనే అమెరికన్ వైద్యుడు, నల్లజాతి బానిసలు యజమానుల దగ్గర నుంచి పారిపోవడం ఒక మానసిక వ్యాధి అని, దానికి ‘డ్రాపెటోమేనియా’ అని పేరు పెట్టి, వైద్య పత్రికలో వ్యాసం రాశాడు. పారిపోవాలనిపించేది బానిసత్వం వల్లనే అన్న ఆలోచన ఆయన వ్యాసంలో లేదు. మరో నూరేళ్ళ తరువాత కూడా స్వలింగ ఆకర్షణ అమెరికన్ సైకియాట్రిక్ అసోసియేషన్ వారి వ్యాధుల జాబితాలో ఉండేది. దానికి ఆధారంగా చూపిన పరిశీలనలు ఎక్కువగా చికిత్సకు వచ్చినవారి మీద, జైళ్ళలో ఉన్నవారి మీద చేసినవి. ఆస్పత్రికి వచ్చినవాళ్ళను మాత్రమే చూసి ఊరంతటికీ జబ్బు ఉందని తేల్చడం లాంటిదే ఇది. ఎవెలిన్ హూకర్ అనే మనస్తత్వవేత్త 1957లో ఆ తప్పును బయటపెట్టింది. వయసు, చదువు, తెలివితేటల కొలతలు సరిపోయేలా ఎంచుకున్న 30 మంది స్వలింగ ఆకర్షణ గల పురుషులను, 30 మంది ఇతర పురుషులను తీసుకుని, సిరామరకల పరీక్షతో సహా మూడు వ్యక్తిత్వ పరీక్షలు చేసి, పేర్లు తీసేసిన ఆ ఫలితాలను ఆ రోజుల్లో పేరున్న నిపుణుల ముందు పెట్టింది. ఎవరు ఏ జట్టువారో వాళ్ళు చెప్పలేకపోయారు. 1973లో ఆ సంఘం స్వలింగ ఆకర్షణను జాబితా నుంచి తొలగించింది. ప్రపంచ ఆరోగ్య సంస్థ అదే పని 1990లో చేసింది.

ఇదంతా ఎక్కడో దూరదేశం కథ అనుకోవద్దు. మా నెల్లూరు జిల్లాలోనే, బ్రిటిష్ కాలపు నేర తెగల చట్టం కింద, ఎరుకల కుటుంబాలను పుట్టుకతోనే దొంగలుగా ముద్రవేసి కావలి, కప్పరాళ్ళతిప్ప సెటిల్‌మెంట్లలో, అంటే కాపలా ఉండే నివాసాల్లో, పెట్టారు. ఆ చట్టం 1952 నాటికి దేశమంతటా రద్దయింది. ముద్ర మాత్రం అదే ఏడాది చెరిగిపోలేదు. ఆ కుటుంబాల మనవరాళ్ళు, మునిమనవళ్ళు నా దగ్గరికి వస్తుంటారు. ఊరి పేరు చెప్పగానే ఎదుటివాళ్ళ ముఖం మారిపోతుందని, అందుకే ఫారం నింపేటప్పుడు ఊరి పేరు దగ్గర చెయ్యి ఆగిపోతుందని వాళ్ళు చెబుతారు.

ఇక సిద్ధాంతానికి వస్తాను. వర్జీనియా బ్రూక్స్ 1981లో లెస్బియన్ మహిళల మీద రాసిన పుస్తకంలో మైనారిటీ ఒత్తిడి అనే మాటను వాడింది. ఇలాన్ మేయర్ 1995లో న్యూయార్క్‌లోని 741 మంది గే పురుషుల మీద చేసిన అధ్యయనంలోను, 2003లో రాసిన సుదీర్ఘ సమీక్షలోను దానికి ఒక చట్రం కట్టాడు. అందరికీ ఉండే ఉద్యోగం, డబ్బు, అనారోగ్యం లాంటి ఒత్తిళ్ళ మీద, మైనారిటీ మనిషికి అదనంగా మరికొన్ని బరువులు పడతాయని ఆయన చెప్పాడు. మొదటిది, నిజంగా జరిగే సంఘటనలు: తిట్టడం, కొట్టడం, ఉద్యోగం ఇవ్వకపోవడం. రెండవది, అది మళ్ళీ జరుగుతుందేమోనని ఎల్లవేళలా కాచుకుని ఉండడం. మూడవది, దాచుకోవడం. నాలుగవది అన్నిటికంటే లోతైనది: లోకం తనను చూసే చూపుతోనే తనను తాను చూసుకోవడం మొదలుపెట్టడం. వీటికి ఎదురుగా నిలిచేది తోటివారి తోడు.

నెల్లూరులో అద్దె ఇంటి కోసం తిరిగిన ఎవరికైనా రెండవ బరువు అంటే ఏమిటో నేను వివరించనక్కరలేదు. ఇల్లు చూపించి, అద్దె చెప్పి, నీళ్ళ సంగతి చెప్పి, చివర్లో మామూలుగా అడిగినట్టు “మీరేమిట్లు?” అని, అంటే మీ కులం ఏమిటని, అడుగుతారు. ఆ ప్రశ్న పది ఇళ్ళలో మూడు ఇళ్ళలోనే రావచ్చు. కానీ పది ఇళ్ళ మెట్లు ఎక్కేటప్పుడూ గుండె అదే వేగంతో కొట్టుకుంటుంది. జరిగిన సంఘటనలను మాత్రమే లెక్కపెట్టే ప్రశ్నావళి మిగిలిన ఏడు ఇళ్ళ దగ్గర పడిన బాధను లెక్కలోకి తీసుకోదు.

ఇప్పుడు ఆ గడప తేడా గురించి. అమెరికాలో నల్లజాతీయులు ఎదుర్కొనే వివక్షను చూస్తే, వాళ్ళలో కుంగుబాటు తెల్లవారికంటే చాలా ఎక్కువగా ఉండాలి. కానీ డేవిడ్ విలియమ్స్ బృందం 2007లో ప్రచురించిన జాతీయ సర్వేలో, జీవితంలో ఎప్పుడైనా తీవ్రమైన కుంగుబాటు వచ్చినవారు తెల్లవారిలో 17.9 శాతం ఉంటే, ఆఫ్రికన్ అమెరికన్లలో 10.4 శాతమే ఉన్నారు. అదే సర్వేలో మరో అంకె ఉంది, దానిని వదిలేసి మొదటి అంకెనే చెప్పేవాళ్ళను నమ్మకండి: ఒకసారి కుంగుబాటు వచ్చాక అది ఏళ్ళ తరబడి వదలకుండా ఉండడం తెల్లవారిలో సుమారు 39 శాతానికి, ఆఫ్రికన్ అమెరికన్లలో 56 శాతానికి పైగా జరిగింది. అంటే జబ్బు రావడం తక్కువ, వస్తే పోవడం కష్టం. రావడం ఎందుకు తక్కువ అన్నదాని మీద పండితులు ఇంకా వాదించుకుంటున్నారు. ప్రశ్నలు వాళ్ళ బాధను సరిగ్గా పట్టుకోలేదనే వారూ ఉన్నారు. నా అనుభవం మాత్రం కుటుంబం, చర్చి, బంధువర్గం ఇచ్చే ఆసరా వైపే మొగ్గు చూపుతుంది. నల్లజాతి యువకుల ఆత్మగౌరవం సగటున తెల్లవారికంటే తక్కువగా లేదని 2000లో వచ్చిన ఒక పెద్ద సమీక్ష కూడా తేల్చింది. లోకం చులకన చేస్తే మనిషి తనను తాను తప్పకుండా చులకన చేసుకుంటాడన్న పాత ఊహ అక్కడ నిలవలేదు.

దీనికి పక్కన కెయిట్లిన్ రయాన్ 2009 నాటి అధ్యయనాన్ని పెట్టి చూడండి. శాన్‌ఫ్రాన్సిస్కో పరిసరాల్లోని 224 మంది తెల్లజాతి, లాటినో (లాటిన్ అమెరికా మూలాలున్న) గే, లెస్బియన్, బైసెక్సువల్ (ఆడ, మగ ఇద్దరి మీదా ఆకర్షణ గల) యువతను ఆమె బృందం పరిశీలించింది. కౌమారంలో కుటుంబం తీవ్రంగా తిరస్కరించినవారిలో ఆత్మహత్యా ప్రయత్నం చేశామని చెప్పే అవకాశం, తిరస్కారం లేని లేదా తక్కువగా ఉన్న ఇళ్ళవారితో పోలిస్తే 8.4 రెట్లు ఉంది. తీవ్రమైన కుంగుబాటు 5.9 రెట్లు ఉంది. నేను చదివిన అంకెల్లో నా పనిని ఎక్కువగా మార్చినవి ఇవే. అంతకు ముందు నేను పిల్లలతోనే మాట్లాడేదాన్ని. ఆ తరువాత, పిల్లలు ఒప్పుకున్న చోట, తల్లిదండ్రుల కోసం విడిగా సమయం కేటాయించడం మొదలుపెట్టాను.

నా దగ్గరి రెండు కేసులు చెబుతాను. ఎవరినీ గుర్తుపట్టకుండా వివరాలు మార్చాను.

మొదటి అమ్మాయి యానాది కుటుంబం నుంచి వచ్చింది. తండ్రి రొయ్యల గుంటల దగ్గర కాపలా పని చేసేవాడు. ఆ ఇంట్లో ఇంటర్ దాకా వచ్చిన మొదటి మనిషి ఆమే. హాస్టల్లో ఉంటూ రోజూ తలనొప్పి, వాంతులు. అన్ని పరీక్షలూ అయ్యాక నా దగ్గరికి పంపారు. మూడవసారి వచ్చినప్పుడు చెప్పింది: గదిలో ఎవరి డబ్బు పోయినా ముందుగా తన పెట్టె తెరుస్తారట. ఎప్పుడూ ఏమీ దొరకలేదు, అయినా మళ్ళీ తన పెట్టెనే తెరుస్తారు. ఈ మాట చెబుతున్నప్పుడు ఆమె పక్కన నాయనమ్మ కూర్చుని ఉంది. ఆ ముసలామె ఏమాత్రం ఆశ్చర్యపోకుండా, “నా మూట కూడా విప్పించినారు తల్లీ, నీ అంత వయసులోనే” అంది. ఆ పిల్ల అప్పటిదాకా నా ముందు ఒక్కసారి కూడా ఏడవలేదు. ఆ మాట విన్నాక నాయనమ్మ ఒడిలో తల పెట్టి చాలాసేపు ఏడ్చింది. అవమానం తన లోపం వల్ల జరగలేదని, అది తనకంటే ముందునుంచీ ఉన్నదని ఆమెకు ఆ రోజు తెలిసింది. నేను ఎన్ని సెషన్లలో చెప్పినా ఆ పని జరిగేది కాదు. అయితే ఒక్కమాట. ఆ నాయనమ్మ వెంటనే, “నోరు మూసుకుని చదువుకో, మనం ఎదురు మాట్లాడకూడదు” అని కూడా అంది. ఇల్లు ఇచ్చే రక్షణలోనే భయం కూడా కలిసి వస్తుంది. పిల్లలకు తమ జాతి గురించి తల్లిదండ్రులు నేర్పే పాఠాల మీద అమెరికాలో డయాన్ హ్యూస్ 2006లో రాసిన సమీక్ష ఇదే చెబుతుంది: మనవాళ్ళ గురించి గర్వం నేర్పిన చోట మేలు కనిపిస్తుంది, లోకం మీద అపనమ్మకం మాత్రమే నేర్పిన చోట ఆ మేలు కనిపించదు.

రెండవ కేసు కావలి వైపు ఒక ఊరి అబ్బాయి, వయసు 26, బెంగళూరులో సాఫ్ట్‌వేర్ ఉద్యోగం. సంబంధాలు చూడడం మొదలుపెట్టిన దగ్గర నుంచి గుండెదడ, చెమటలు, ఊపిరాడకపోవడం. గుండె డాక్టరు ఏమీ లేదన్నాడు. దిష్టి తీయించారు, దర్గాలో తాయెత్తు కట్టించారు. ఆరవసారి వచ్చినప్పుడు, తలుపు గడియ పడిందా అని రెండుసార్లు చూసుకుని, తనకు ఆడవాళ్ళ మీద ఆకర్షణ లేదని చెప్పాడు. ఆ మాట అతను అంతకుముందు ఎవరితోనూ అనలేదు. బెంగళూరులో అతనికి ఈ దడ రాదు. ఊరికి వచ్చే రైలు నెల్లూరు దాటాక మొదలవుతుంది. అతన్ని ఎవరూ ఎప్పుడూ తిట్టలేదు, కొట్టలేదు. తల్లిదండ్రులు ప్రాణంగా చూసుకుంటారు. ఆ ప్రేమ పోతుందేమోనన్న ఎదురుచూపే అతని జబ్బు. జరిగిన వివక్షను మాత్రమే లెక్కగట్టే ప్రశ్నావళి ఇస్తే అతనికి సున్నా వస్తుంది.

యానాది అమ్మాయికి నాయనమ్మ ఉంది. ఇతనికి ఆ స్థానంలో ఎవరూ లేరు, ఎందుకంటే ఇంట్లో ఎవరికీ ఆ అనుభవం లేదు. ట్రాన్స్‌జెండర్ మహిళలకు హిజ్రాల సంఘమైన జమాత్‌లో గురువు, తోటి చేలాలు (శిష్యులు) ఉంటారు. ఇంటి నుంచి వెళ్ళగొట్టిన పిల్లకు అది మరో ఇల్లు అవుతుంది, అక్కడ కట్టుబాట్లు, అప్పులు, పెత్తనం ఉన్నా సరే. గే అబ్బాయికి, లెస్బియన్ అమ్మాయికి మన పట్టణాల్లో అదీ లేదు, ఫోనులో ఉన్న యాప్ తప్ప.

రెండు బరువులూ ఒకే భుజాల మీద ఉన్నవారి సంగతి వేరుగా చెప్పుకోవాలి. ఒక దళిత నర్సింగ్ విద్యార్థిని, తోటి అమ్మాయిని ప్రేమించింది. పేటలో ఆమెకు తన వాళ్ళే బలం. చిన్నప్పటి నుంచి ఎక్కడ ఎలా మసలుకోవాలో, ఎవరి దగ్గర తల ఎత్తి నిలబడాలో వాళ్ళే నేర్పారు. ఇప్పుడు ఆ బలాన్నే పోగొట్టుకునే భయం. చెన్నైలో తనలాంటివాళ్ళు కలుసుకునే చోటికి వెళితే, అక్కడ మాటల మధ్యలో ఇంటిపేరు అడిగారట. “అక్కడ నేను ఎస్సీని మేడమ్, ఇక్కడ చెడిపోయినదాన్ని. నేను మొత్తంగా కూర్చునే చోటు ఎక్కడా లేదు” అంది. అమెరికన్ న్యాయ పండితురాలు కింబర్లీ క్రెన్‌షా 1989లో రాసిన వాదన ఇదే: రెండు వివక్షలు కలిసినప్పుడు వచ్చే అనుభవం రెండింటినీ విడివిడిగా చదివితే కనిపించదు. అందుకని ఒక మైనారిటీకి ఇంత, రెండో దానికి ఇంత అని కూడిక వేయడం కుదరదు. మేయర్ బృందమే 2008లో న్యూయార్క్‌లో చూసినప్పుడు, నల్లజాతి గే, లెస్బియన్, బైసెక్సువల్ వ్యక్తుల్లో మానసిక రుగ్మతలు తెల్లజాతి వారికంటే తక్కువగానే కనిపించాయి. ఆత్మహత్యా ప్రయత్నాలు మాత్రం లాటినోల్లో తెల్లజాతి వారికంటే ఎక్కువగా ఉన్నాయి. రుగ్మత లేదంటే బాధ లేదని కాదు. మీ ప్రాజెక్టులో ఈ రెండింటినీ వేరువేరుగా కొలవండి.

మన దేశపు ఆధారాలు ఏమున్నాయి? కులం విషయంలో కొన్ని ఉన్నాయి. ఆశిష్ గుప్తా, డయాన్ కాఫీ 2020లో ప్రచురించిన విశ్లేషణలో, ఆస్తి, చదువు లాంటివి లెక్కలోకి తీసుకున్నాక కూడా, దళితులు, ముస్లింలు చెప్పుకున్న మానసిక ఆరోగ్యం పైకులాల హిందువులకంటే తక్కువగానే ఉంది. పేదరికం ఒక్కటే కారణం అనే వాదనకు అది గట్టి జవాబు. కానీ ఆ సర్వే జరిగిన ఆరు రాష్ట్రాల్లో ఆంధ్రప్రదేశ్ లేదు. బెంగళూరులోని జాతీయ మానసిక ఆరోగ్య సంస్థ నిమ్హాన్స్ 2015-16లో చేసిన జాతీయ మానసిక ఆరోగ్య సర్వే 12 రాష్ట్రాల్లో జరిగింది, అందులోనూ మనం లేము. ఇంకొకటి కార్లా హాఫ్, ప్రియాంక పాండే ఉత్తరప్రదేశ్ గ్రామాల్లో పాఠశాల బాలురతో చేసిన ప్రయోగం. కులం పేరు ఎత్తకుండా పజిళ్ళు ఇచ్చినప్పుడు దళిత బాలురు, పైకులాల బాలురు ఇంచుమించు సమానంగా చేశారు. గదిలో అందరి ముందు పేరుతో పాటు కులం చదివి వినిపించాక దళిత బాలుర ఫలితాలు పడిపోయాయి. హాజరు పట్టీలో కులం చదివే అలవాటు ఉన్న మన బడులు గుర్తుకొచ్చి, నేను ఆ వ్యాసం చదివిన రోజు చాలాసేపు కదలలేకపోయాను.

కులం, జాతి ఒకటేనా అని కూడా మీరు అడిగారు. చర్మం రంగును దాచలేరు. కులాన్ని పట్నంలో కొంతకాలం దాచవచ్చు. ఇంటిపేరు మార్చుకుని, ఊరి పేరు చెప్పకుండా ఉద్యోగం చేసే దళిత యువకుడి ఒత్తిడి ఆ మేరకు గే యువకుడి ఒత్తిడికి దగ్గరగా ఉంటుంది. ఆఫీసులో ఎవరైనా కులం మీద జోకు వేస్తే నవ్వినట్టు నటించడం, బంధువులు గదికి వస్తారంటే కంగారు పడడం, ఇవన్నీ నేను రెండు వర్గాల నోటి నుంచీ ఇంచుమించు ఒకే మాటల్లో విన్నాను. అందుకని దాచడం గురించి అమెరికాలో లైంగిక మైనారిటీల మీద జరిగిన పరిశోధన, అక్కడి జాతి పరిశోధన కంటే, మన కుల అధ్యయనానికి కొన్నిచోట్ల ఎక్కువ పనికొస్తుంది. ఈ సంగతి మీద మన విశ్వవిద్యాలయాల్లో ఎవరైనా పని చేస్తే బాగుండునని నేను చాలాకాలంగా కోరుకుంటున్నాను.

చట్టం మనసు మీద పనిచేస్తుందా అంటే, చేస్తుందని చూపించిన పరిశోధన ఉంది. మార్క్ హాట్జెన్‌బ్యూలర్ 2010లో, 2004, 2005 ఎన్నికల సమయంలో స్వలింగ వివాహాలను నిషేధించిన అమెరికా రాష్ట్రాలను పరిశీలించి, అక్కడి గే, లెస్బియన్, బైసెక్సువల్ వ్యక్తుల్లో కుంగుబాటు తరహా రుగ్మతలు 36.6 శాతం పెరిగాయని, నిషేధం లేని రాష్ట్రాల్లో ఆ పెరుగుదల కనిపించలేదని రాశాడు. మన దగ్గర 2014లో సుప్రీంకోర్టు ట్రాన్స్‌జెండర్ వ్యక్తులను మూడవ జెండర్‌గా గుర్తించింది, 2018 సెప్టెంబరు 6న పెద్దల మధ్య పరస్పర అంగీకారంతో జరిగే స్వలింగ సంబంధాన్ని నేరం కాదంది. ఆ తరువాత నా దగ్గరికి వచ్చే యువత మాటల్లో “పోలీసులు” అనే మాట తగ్గింది. “అమ్మ, నాన్న” అనే మాట తగ్గలేదు. మేయర్ 2021లో మూడు తరాలను పోల్చి ఇలాంటిదే చూశాడు: హక్కులు వచ్చాక పెరిగిన 18 నుంచి 25 ఏళ్ళ వారిలోనూ ఆత్మహత్యా ప్రయత్నం చేశామన్నవారు 30 శాతం ఉన్నారు. చట్టం అవసరమే, కానీ అది గడప లోపలికి అంత త్వరగా రాదు.

జాగ్రత్తగా చదవవలసిన చోట్లు కూడా ఉన్నాయి. కళంకం ఎక్కువగా ఉన్న ప్రాంతాల్లో లైంగిక మైనారిటీల ఆయుర్దాయం 12 ఏళ్ళు తగ్గుతుందని 2014లో వచ్చిన ఒక వ్యాసాన్ని చాలామంది ఇప్పటికీ ఉటంకిస్తారు. తరువాత వేరే పరిశోధకుడు అదే డేటాతో మళ్ళీ లెక్కవేస్తే ఆ ఫలితం రాలేదు. మొదటి లెక్కలో పొరపాటు బయటపడింది. దానిని వాడకండి. సంబంధం ఉందని చూపడం వేరు, కారణం అని చూపడం వేరు. రయాన్ అధ్యయనంలో కూడా తిరస్కారాన్ని పెద్దయ్యాక గుర్తు చేసుకుని చెప్పారు, కాబట్టి అప్పటికే కుంగిన మనసు గతాన్ని మరింత నల్లగా గుర్తుంచుకునే అవకాశం కొట్టిపారేయలేము. నేను ఆ అధ్యయనాన్ని నమ్ముతాను, అయినా ఆ పరిమితిని రాయకుండా ఉటంకించను. అన్నిటికంటే ముఖ్యంగా, ఈ అంకెలన్నీ సగటులు. మైనారిటీలలో ఎక్కువమంది మానసికంగా ఆరోగ్యంగానే ఉన్నారన్న వాక్యం మీ ప్రాజెక్టు మొదటి పేజీలోనే ఉండాలి, లేకపోతే కార్ట్‌రైట్ దారిలోకే వెళతాము.

ఇక్కడ నా తప్పు ఒకటి చెప్పాలి. ప్రాక్టీసు పెట్టిన కొత్తలో ఒక దళిత ఉద్యోగి వచ్చారు. ఆఫీసులో అందరూ తనను దూరం పెడుతున్నారని, నిద్ర పట్టడం లేదని చెప్పారు. ఎదుటివాళ్ళ మనసులో ఏముందో తానే ఊహించుకోవడం ఒక ఆలోచనా దోషం అని నేను చదువుకున్నాను. ఆ దోషాన్ని సరిదిద్దడానికి, తన ఆలోచనలు రాసుకుని సరిచూసుకోమని ఆయనకు కాగితం, పెన్ను ఇచ్చాను. రెండు వారాలు నింపి తెచ్చారు, ఆ తరువాత రాలేదు. చాలాకాలం తరువాత తెలిసింది, ఆ ఆఫీసులో టీ ఆయనకు మాత్రం వేరే కప్పులో ఇచ్చేవారట. నిజాన్ని నేను భ్రమ అన్నాను. వివక్ష గురించి ఎవరైనా చెప్పినప్పుడు, అది జరిగిందా లేదా అన్న విచారణ కంటే ముందు, ఆ మనిషి రోజు ఎలా గడుస్తోందో అడగాలి. ఇప్పుడు నేను మొదటి రోజునే ప్రతి ఒక్కరినీ మూడు మాటలు అడుగుతాను: ఏ చోట శరీరం బిగుసుకుంటుంది, ఏ చోట వదులవుతుంది, ఎవరి దగ్గర అబద్ధం చెప్పనక్కరలేదు. మూడవదానికి జవాబు లేని మనిషి గురించి నేను ఎక్కువ కంగారు పడతాను.

చికిత్స పనిచేస్తుందా అంటే, పనిచేస్తుంది. జాన్ పచాంకిస్ బృందం 2015లో 63 మంది గే, బైసెక్సువల్ యువకులతో చేసిన పరీక్షలో, దాచుకోవడం, తిరస్కార భయం లాంటి వాటి మీద గురిపెట్టి తీర్చిదిద్దిన 10 సెషన్ల చికిత్స కుంగుబాటును, మద్యపానాన్ని తగ్గించింది. ఆకర్షణను మార్చడానికి వాళ్ళు ప్రయత్నించలేదు. మార్చుతామని ఎవరైనా అంటే అది వైద్యం కాదు; మన జాతీయ వైద్య కమిషన్ 2022లో దానిని వృత్తిపరమైన దుష్ప్రవర్తనగా ప్రకటించింది. 2017 మానసిక ఆరోగ్య సంరక్షణ చట్టం మూడవ సెక్షను కూడా, ఒక మనిషి ఏ వర్గానికి చెందినవాడన్న కారణంతోనో, సమాజపు నైతిక విలువలకు సరిపోలేదన్న కారణంతోనో అతనికి మానసిక రోగం ఉందని నిర్ణయించకూడదని స్పష్టంగా చెబుతుంది. ఆ కావలి అబ్బాయి తండ్రి నన్ను అడిగిన మొదటి ప్రశ్న “ఇది మా పెంపకం తప్పా?” అని, రెండవది “ఇంజెక్షన్ ఏమైనా ఉందా?” అని. రెంటికీ లేదనే చెప్పాను. పెళ్ళి మాట ఒక ఏడాది పక్కన పెట్టమని మాత్రం అడిగాను. ఆయన ఒప్పుకున్నాడు. ఒప్పుకోవడం ఇష్టపడడం కాదు, నాకు తెలుసు. కానీ ఆ సంక్రాంతికి రైలు నెల్లూరు దాటాక దడ రాలేదని అబ్బాయి ఫోన్ చేశాడు.

మీ ప్రాజెక్టు గురించి కొన్ని మాటలు. ఇంగ్లిషు ప్రశ్నావళిని నేరుగా తెలుగు చేసి పంచకండి. మన దగ్గర “మీరు విచారంగా ఉన్నారా?” అంటే లేదంటారు, ఆకలి, నిద్ర, తలనొప్పి, “మనసు బాగుండడం లేదు” అనే మాటల్లో అడిగితే చెబుతారు. లైంగికత గురించి అడగవలసి వస్తే ఆకర్షణ, ప్రవర్తన, తమను తాము పిలుచుకునే పేరు అని మూడు వేరువేరు ప్రశ్నలుగా అడగండి; పెళ్ళయి పిల్లలున్న పురుషుడు ‘గే’ అనే పెట్టెలో టిక్కు పెట్టడు. జిల్లా అంతటికీ శాతాలు తేల్చే ప్రయత్నం చేయకండి, ఒక విద్యార్థి చేతిలో ఉన్న సమయానికి అది సాధ్యం కాదు. 12 లేక 15 మందితో లోతుగా మాట్లాడితే అంతకంటే విలువైన పని అవుతుంది. ఎవరైనా చనిపోవాలని ఉందని చెబితే ఇంటర్వ్యూ అక్కడితో ఆపి, వాళ్ళ ముందే ప్రభుత్వ మానసిక ఆరోగ్య హెల్ప్‌లైన్ టెలిమానస్ 14416కు ఫోన్ కలపండి, అది ఉచితం, తెలుగులో మాట్లాడతారు. వాళ్ళు ఒప్పుకుంటే దగ్గరలోని ప్రభుత్వ ఆస్పత్రి మానసిక వైద్య విభాగానికి మీరే తోడు వెళ్ళండి.

పేర్లు తీసేస్తే గోప్యత అయిపోయిందని అనుకోకండి. 60 గడపలున్న ఊరిలో “23 ఏళ్ళ నర్సింగ్ విద్యార్థిని, తండ్రి గ్రానైట్ క్వారీలో కూలీ” అని రాస్తే పేరు రాసినట్టే. ఊరు మార్చండి, చదువు మార్చండి, తండ్రి పని మార్చండి. రాసినదాన్ని ఆ మనిషికే ముందు చదివి వినిపించి, ఈ కాగితం మీ మేనమామ చేతిలో పడితే మిమ్మల్ని గుర్తుపడతాడా అని అడగండి. గుర్తుపడతాడంటే మళ్ళీ రాయండి.